ఆగిన బండి ఊరికే ఉండదు

తెలుగు పట్టణాల్లో అపార్టుమెంటు సెల్లారులోకి దిగితే చాలు, ఏదో ఒక మూల దుమ్ము పట్టిన స్ప్లెండర్ కనిపిస్తుంది. దాన్ని నడిపినాయన పోయి ఉంటాడు, లేదంటే మోకాళ్ల నొప్పులొచ్చి గేర్లు లేని స్కూటర్‌కు మారి ఉంటాడు. కొడుకు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటాడు. టైర్లలో గాలి పోయి, సీటు కవరు చిరిగి, అద్దాల్లో ఒకటి ఊడి ఉంటుంది. అడిగితే పదివేలకో అంతకు తక్కువకో ఇచ్చేస్తారు. ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పకుండా చెబుతారు. ‘‘చెడిపోయి ఆపలేదండీ, వాడేవాళ్లు లేక ఆపేశాం. అప్పట్లో ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది.’’

ఆ మాట నిజమే అయి ఉంటుంది. అయితే ఆపిన రోజున ఉన్న బండి వేరు, ఐదారేళ్ల తర్వాత మనం కొంటున్న బండి వేరు. చక్రాలు ఆగాయి గానీ లోపల జరిగే రసాయన చర్యలు ఆగలేదు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆక్సిజన్‌తో కలుస్తూనే ఉంది. ఇనుము తేమను పట్టుకుని తుప్పుగా మారుతోంది. బ్యాటరీలో సీసం సల్ఫేటు గట్టిపడుతోంది. గాలిలో ఉండే కాస్త ఓజోన్ రబ్బరును తినేస్తోంది. రోజూ తిరిగే బండిలోనూ ఇవన్నీ మొదలవుతాయి. కానీ ఇంజను వేడికి తేమ ఆవిరైపోతుంది, ఆయిలు ప్రతి భాగం మీదా కొత్త పొర వేస్తుంది, పాత పెట్రోలు కాలిపోయి కొత్తది వస్తుంది. నిలబెట్టేసిన బండిలో ఈ మరమ్మతు జరగదు.

ఈ మార్పులన్నీ ఒక్క రకం కావు. కొన్నింటిని వెనక్కి తిప్పొచ్చు, కొన్నింటిని తిప్పలేం. కార్బొరేటర్ జెట్టులో పేరుకున్న బంక కరుగుతుంది. పగుళ్లిచ్చిన రబ్బరు మళ్లీ కలవదు. తుప్పు వదిలించొచ్చు, తుప్పుగా మారిన ఇనుము మాత్రం తిరిగి రాదు. పాత బండి బేరం మొత్తం ఈ తేడా మీదే నడవాలన్నది నా గట్టి నమ్మకం. పెయింటు వెలిసిపోయిందని ధర తగ్గించుకునేవాళ్లనూ, పెయింటు మెరుస్తోందని రెండు వేలు ఎక్కువ ఇచ్చేవాళ్లనూ చూస్తుంటాను. ఇద్దరూ చూడాల్సిన చోట చూడటం లేదు.

స్ప్లెండర్‌నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. హీరో గ్రూపు, జపాన్ హోండా 1984లో చేతులు కలిపి 1985లో సీడీ 100 బండిని తెచ్చాయి. 1994లో వచ్చిన స్ప్లెండర్ ఆ వంశంలోదే. సిలిండరు నిలువుగా కాకుండా ముందుకు పడుకున్నట్టుండే చిన్న ఇంజను. బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 50 మి.మీ., పిస్టన్ కింది నుంచి పైకి వెళ్లే దూరం 49.5 మి.మీ. బోరు వైశాల్యాన్ని ఆ దూరంతో గుణిస్తే 97.2 ఘన సెంటీమీటర్లు వస్తాయి. ఆర్‌సీ మీద ఉండే 97.2 సీసీ అదే. దశాబ్దాల తరబడి ఈ కొలతలు మారలేదు కాబట్టి మండల కేంద్రంలోని స్పేర్ పార్టుల షాపులో కూడా పిస్టన్ నుంచి గాస్కెట్టు దాకా దొరుకుతాయి. చవగ్గా కొన్న పాత బండికి అదే పెద్ద బలం. అరుదైన బండి ఎంత తక్కువకొచ్చినా ఒక్క ఆయిల్ సీలు దొరక్క ఏడాది మూలన పడి ఉంటుంది. ఇంకో సంగతి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక స్ప్లెండర్‌లో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. సెల్లారుల్లో దుమ్ము పట్టినవి చాలావరకు అంతకు ముందువి. సెన్సర్లు, కంప్యూటర్ లేకుండా పనిచేసేవి. అందుకే ఇంట్లో పానాలు పట్టుకుని నేర్చుకునేవారికి ఇవి మంచి పాఠాలు.

బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంజను కంటే ముందు నంబర్లు చూడాలి. ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర, ఇంజను నంబరు క్రాంక్‌కేస్ మీద కొట్టి ఉంటాయి. ఆర్‌సీలో ఉన్నవాటితో ఒక్కో అక్షరం సరిచూసుకోవాలి. ఎవరో అరగదీసి మళ్లీ కొట్టినట్టు అనుమానమొస్తే ఆ బేరం అక్కడితో వదిలేయాలి. ఈ నంబర్ల వెనక ఒక చక్కని లోహశాస్త్రం ఉంది. అచ్చుతో గట్టిగా కొట్టినప్పుడు లోహంలో గుంట పడటమే కాక, గుంట అడుగున ఉన్న స్ఫటికాలు కూడా నలిగిపోతాయి. పైభాగం ఆకురాయితో అరగదీసినా ఆ నలిగిన పొర కింద మిగిలే ఉంటుంది. నలిగిన లోహం ఆమ్లంలో మామూలు లోహం కంటే త్వరగా కరుగుతుంది. అందుకే ఫోరెన్సిక్ ల్యాబుల్లో కాపర్ క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ఫ్రై ద్రావణాన్ని ఉక్కు మీద పూస్తే, చెరిపేశామనుకున్న అంకెలు మెల్లగా పైకి తేలతాయి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. మామూలు అమ్మకానికి 29, 30 నంబరు ఫారాలు కావాలి. యజమాని చనిపోయి ఉంటే ముందు 31వ నంబరు ఫారంతో వారసుల పేరు మీదికి మారాలి. ఎప్పుడో తీరిపోయిన ఫైనాన్స్ ఆర్‌సీలో అలాగే ఉంటే 35వ నంబరు ఫారంతో తీయించాలి. గ్రీన్ ట్యాక్స్, ఆలస్య రుసుము, ఇన్సూరెన్సు అన్నీ కలిపితే ఖర్చు బండి ధరకు దగ్గరగా రావచ్చు. డబ్బు చేతిలో పెట్టక ముందే ఈ లెక్క వేసుకోవాలి.

ఇక ఇంజను. స్టార్ట్ చేయమని అడగొద్దు. ఏళ్ల తరబడి ఆగిన ఇంజనును పాత ఆయిలుతో, ఎండిపోయిన సిలిండరుతో ఒక్కసారిగా తిప్పితే మంచిగా ఉన్న బోరు కూడా గీతలు పడుతుంది. కిక్ రాడ్డును కాలితో కాక చేత్తో మెల్లగా నొక్కి చూడాలి. కొంత దూరం తేలిగ్గా వెళ్లి, ఒక చోట గట్టిగా ఎదురు తన్ని, ఆపై వదులైతే శుభం. సిలిండరులోని గాలి సుమారు తొమ్మిదో వంతు జాగాలోకి నలుగుతున్నప్పుడు వచ్చే ప్రతిఘటన అది. తొమ్మిదో వంతుకు నొక్కితే పీడనం తొమ్మిది రెట్లు కావాలని బాయిల్ సూత్రం చెబుతుంది. అయితే గాలిని వేగంగా నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కితే పీడనం ఇంకా పెరుగుతుంది. బయటికి వేడి పోకుండా, లీకు లేకుండా నలిగితే పీడనం పదిహేను రెట్లు కూడా దాటుతుందని లెక్క. నిజం ఇంజనులో వాల్వులు కాస్త ఆలస్యంగా మూసుకుంటాయి, పిస్టన్ రింగుల సందుల్లోంచి గాలి జారుతుంది కాబట్టి అంత రాదు. చేత్తో మెల్లగా నొక్కినప్పుడు ఇంకా తక్కువ. అయినా ఆ ఎదురు తన్నడం స్పష్టంగా తెలియాలి.

కిక్ రాడ్డు ఏ ప్రతిఘటనా లేకుండా దిగిపోతే గాలి ఎక్కడో తప్పించుకుంటోంది. ఎక్కడినుంచో తెలుసుకోవడానికి పాత మెకానిక్కులు చేసే పరీక్ష నాకు చాలా ఇష్టం. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిలు పోసి, ఇంజనును రెండు మూడుసార్లు తిప్పి, ప్లగ్గు మళ్లీ బిగించి చూస్తారు. ఇప్పుడు ప్రతిఘటన పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉన్నట్టు. ఎందుకంటే చిక్కటి ఆయిలు రింగుకూ గోడకూ మధ్య సందును కాసేపు మూసేస్తుంది. ఏమీ మారకపోతే వాల్వుల దగ్గర లీకు. ఆయిలు అక్కడి సందును మూయలేదు. వాల్వు సీటు మీద కార్బన్ పేరుకుని ఉంటే గ్రైండింగ్ పేస్టుతో రుద్దితే సరిపోతుంది. బోరు అరిగితే లేతు షాపుకు వెళ్లాల్సిందే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట సిలిండరును పావు మిల్లీమీటరు పెద్దది చేసి, దానికి సరిపడా పెద్ద పిస్టన్ వేస్తారు. తర్వాతిసారి అర మిల్లీమీటరు. అలా ఇంజనుకు కొన్ని జన్మలు ఉంటాయి. బోరు తొలిచాక గోడ అద్దంలా నునుపుగా ఉండకూడదు. హోనింగ్‌తో అడ్డదిడ్డంగా సన్నటి గీతలు గీస్తారు. ఆయిలు ఆ గీతల్లో నిలుస్తుంది.

కిక్ రాడ్డు అసలు కదలకపోతే చాలామంది రెండు కాళ్లూ వేసి ఎక్కి తొక్కుతారు. దానివల్ల విరిగేది కిక్ షాఫ్టు పళ్లే. ఆగిన సమయంలో ఏదో ఒక వాల్వు తెరిచి ఉండటం మామూలే. ఆ దారిన తేమ గాలి లోపలికి చేరి, ఇనుప గోడనూ ఇనుప రింగులనూ తుప్పుతో కలిపి పట్టేస్తుంది. ఇనుము తుప్పుగా మారితే అది ఆక్రమించే జాగా రెట్టింపు కంటే పెరుగుతుంది. వెంట్రుకంత సందు బిగుసుకుపోవడానికి ఆ ఉబ్బు చాలు. ప్లగ్గు రంధ్రంలోంచి డీజిలు, ఆయిలు కలిపి పోసి మూడు నాలుగు రోజులు వదిలేయాలి. పల్చటి ద్రవం కేశనాళికా చర్యతో సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. తర్వాత టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపాలి. బలం కంటే ఓపిక పనిచేసే చోటు ఇది. చాలా ఇంజన్లు ఇలా వదులవుతాయి. వదిలిన వాటిలో కూడా కొన్నింటి గోడ మీద తుప్పు గుంటలు మిగిలి ఉంటాయి. వాటికి మళ్లీ లేతు షాపే దిక్కు. కాబట్టి కిక్ కదలని బండికి బోరు ఖర్చు ముందే తగ్గించి ధర చెప్పాలి.

పాత ఆయిలును పారబోయకుండా తెల్లటి బేసిన్‌లోకి దింపి చూడాలి. అది ఆ ఇంజను డైరీ. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరిందని అర్థం. అడుగున మెరిసే పొడి ఉంటే అయస్కాంతం దగ్గరగా పెట్టాలి. అంటుకుంటే గేర్ల పళ్లో, క్యాంషాఫ్టో, బేరింగులో అరుగుతున్నాయి. అంటుకోకుండా మెరిస్తే అల్యూమినియం. పిస్టన్ వైపు చూడాలి.

బోల్టులు విప్పడం మొదలుపెడితే మొదట ఎదురయ్యేది స్క్రూల మొండితనం. అల్యూమినియం కవరులో ఉక్కు స్క్రూ ఏళ్ల తరబడి తేమతో ఉంటే, రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడినట్టే. ఆ చర్యలో అల్యూమినియం తరిగిపోతూ తెల్లటి పొడిగా మారి మరల్లో నిండుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ల బళ్లలో ఉప్పు గాలి వల్ల ఇది మరీ ఎక్కువ. దీనికి మందు భౌతికశాస్త్రంలో ఉంది. వేడి చేస్తే అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి కవరును హాట్ ఎయిర్ గన్‌తో వేడిచేస్తే రంధ్రం స్క్రూ కంటే ఎక్కువ పెద్దదై పట్టు సడలుతుంది. పెట్రోలు ట్యాంకు, పైపులు తీసేసి దూరంగా పెట్టాకే ఈ పని. మరో చిన్న విషయం, జపాన్ మూలాలున్న బళ్ల స్క్రూల తలకాయలు చూడటానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ గాడి ఆకారం కొద్దిగా వేరు. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పూర్తిగా దిగదు. జారి గాడిని తినేస్తుంది. జపాన్ ప్రమాణపు మొన ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కుంటే కార్బొరేటర్ దగ్గర ఎన్నో అవస్థలు తప్పుతాయి.

నిలిచిన బండి స్టార్ట్ కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం కార్బొరేటరే. పెట్రోలు ఒక్క పదార్థం కాదు, వందల హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి ముందు ఎగిరిపోతాయి. చల్లటి ఇంజను అంటుకోవడానికి కావలసినవి అవే. మిగిలిన వాటిలో జంట బంధాలున్న అణువులు ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లవుతాయి, అవి ఒకదానితో ఒకటి గొలుసు కట్టి బంకగా మారతాయి. రాగి ఈ చర్యను వేగవంతం చేస్తుంది. కార్బొరేటర్ జెట్టులేమో రాగి, జింకు కలిసిన ఇత్తడివి. ట్యాంకు మూత తీయగానే పెట్రోలు వాసనకు బదులు పాత వార్నిష్ వాసన వస్తే లోపల ఏం జరిగిందో అర్థమైపోతుంది.

కార్బొరేటర్ అడుగు గిన్నె విప్పితే రెండు ఇత్తడి జెట్టులు కనిపిస్తాయి. పెద్దది మెయిన్ జెట్టు, దాని పక్కన సన్నటిది పైలట్ జెట్టు. సన్నదాన్ని విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మంచి జెట్టులో సూది మొనంత వెలుగు చుక్క గుండ్రంగా, పదునైన అంచుతో కనిపిస్తుంది. ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఏళ్ల తరబడి ఆగిన బండి జెట్టులో వెలుగు అసలు కనిపించదు, లేదా ఒక పక్క గోధుమరంగు పొర అడ్డుపడి చుక్క చంద్రవంకలా ఉంటుంది. పొర ఎంత పల్చగా ఉన్నా దెబ్బ పెద్దదే. రంధ్రం వ్యాసం ఐదో వంతు తగ్గితే పెట్రోలు వెళ్లే జాగా మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది, ఎందుకంటే జాగా వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. చౌక్ వేస్తే బండి అంటుకుంటుంది, చౌక్ తీయగానే ఆగిపోతుంది. ‘‘స్లోలో నిలబడటం లేదు’’ అని చెప్పే బళ్లలో చాలావాటి రోగం ఆ పల్చటి పొర.

ఆ సన్నటి రంధ్రం మీద అంత భారం ఎందుకంటే, ఇంజను పెట్రోలును లాక్కోదు. కార్బొరేటర్ మధ్యలో గాలి దారి ఇరుకవుతుంది. ఇరుకు చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ పేరు ఆ ఇరుకు మెడకు అలాగే ఉండిపోయింది. గిన్నెలోని పెట్రోలు మీద మాత్రం బయటి వాతావరణ పీడనం ఎప్పటిలాగే ఉంటుంది. ఆ తేడాయే పెట్రోలును జెట్టులోంచి పైకి నెడుతుంది. స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినప్పుడు జరిగేదీ ఇదే. ఆ నెట్టే బలం చాలా తక్కువ కాబట్టి కొద్దిపాటి అడ్డు వచ్చినా ఓడిపోతుంది. శుభ్రం చేయడానికి కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టించాలి. సూదితో, ఇనుప తీగతో పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతే పెట్రోలు ఎక్కువ దిగుతుంది. తిప్పలేని మార్పును మన చేత్తో మనమే తెచ్చుకున్నట్టు.

ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుందన్న సంగతి పాత బండి కొనేవాళ్లు మరిచిపోకూడదు. మన దేశంలో 2022లో పది శాతం కలపడం పూర్తయింది, 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని ఇష్టపడుతుంది. ట్యాంకులోని గాలి పగలు వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి సంకోచించి తేమ గాలిని లోపలికి తెస్తుంది. రోజూ కొద్దికొద్దిగా చేరిన తేమను ఇథనాల్ కొంతవరకు తనలో దాచుకుంటుంది. హద్దు దాటాక నీళ్లూ ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. పెట్రోలు ట్యాప్ లాగేది అడుగునుంచే. కార్బొరేటర్ గిన్నెలో తెల్లటి పొడి, పచ్చటి మరకలు ఈ అడుగు నీటి గుర్తులు. పైగా ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పాత పెట్రోలు కోసం కొలిచిన జెట్టుతో ఇరవై శాతం ఇథనాల్ ఉన్న ఇంధనం వాడితే మిశ్రమంలో గాలి పాలు పెరుగుతుంది. యాక్సిలేటర్ ఇవ్వగానే బండి తడబడితే మెకానిక్కు చేత మిక్చర్ స్క్రూ సరిచేయించుకోవాలి. పాత పెట్రోలు పైపు, ట్యాప్ లోపలి రబ్బరు వాషర్లు, ఫ్లోట్ సూది చూడ్డానికి బాగున్నా మార్చేయాలి. వాటి మొత్తం ఖరీదు కొన్ని వందలు దాటదు.

ట్యాంకు తుప్పుకు చాలామంది బాత్రూము కడిగే యాసిడ్ పోస్తారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పుతోపాటు పల్చటి ట్యాంకు రేకునూ తింటుంది. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, నెమ్మదిగా పనిచేస్తుంది గానీ మంచిది. దాని అణువు ఇనుప అయాన్‌ను చుట్టూ పట్టుకుని నీళ్లలోకి లాక్కెళ్తుంది. ట్యాంకు నిండా వేడినీళ్లలో కలిపి ఒక రోజంతా ఉంచి, పారబోసి, వంటసోడా నీళ్లతో కడగాలి. వెంటనే ఆరబెట్టి లోపల పెట్రోలు, ఆయిలు కలిపి తిప్పకపోతే గంటలోనే నారింజ రంగు పొర మళ్లీ లేస్తుంది. శుభ్రపడిన ఇనుము అంత ఆత్రంగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. రేకులో సూది రంధ్రాలు పడి ఉంటే ట్యాంకును వెల్డింగ్‌కు ఇచ్చేముందు వెయ్యిసార్లు ఆలోచించాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, సున్నాకు నలభై డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరి పుడుతుంది. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. పాత ట్యాంకుకు బదులు మంచిది ఒకటి స్క్రాప్ మార్కెట్లో వెతుక్కోవడమే నా సలహా.

సైలెన్సర్ లోపలినుంచి తుప్పు పడుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. వేడి సైలెన్సర్లోంచి అది ఆవిరిగా పోతుంది. కూరగాయలకని వీధి చివరిదాకా వెళ్లి వచ్చి ఆపేస్తే పోదు, అడుగున నిలుస్తుంది. అందుకే ‘‘పెద్దాయన బండి, మార్కెట్‌కు తప్ప ఎక్కడికీ తీయలేదు’’ అని గొప్పగా చెప్పిన బండి సైలెన్సర్‌ను కింద నుంచి వేలితో తట్టి చూడాలి.

బ్యాటరీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోనక్కర్లేదు. సీసం బ్యాటరీ ఖర్చవుతున్నప్పుడు రెండు పలకల మీదా సీసం సల్ఫేటు సన్నటి స్ఫటికాలుగా ఏర్పడుతుంది. వెంటనే చార్జ్ చేస్తే అది తిరిగి కరిగిపోతుంది. నెలల తరబడి వదిలేస్తే చిన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటి మీద చేరతాయి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఓస్ట్‌వాల్డ్ పేరుతో పిలిచే ప్రక్రియ ఇది. పెద్ద స్ఫటికాలు చార్జింగ్‌కు లొంగవు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి. చార్జ్ చేశాక కూడా మీటరు పదిన్నర దగ్గరే నిలబడితే ఒక సెల్లు చచ్చినట్టే. అదృష్టవశాత్తు పాత కిక్ స్ప్లెండర్‌లో ప్లగ్గు నిప్పుకు కావలసిన కరెంటు మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది. బ్యాటరీ చచ్చినా ఇంజను అంటుకుంటుంది. ‘‘బ్యాటరీ లేదు కాబట్టి స్టార్ట్ కావడం లేదు’’ అనే మాట ఆ బండి విషయంలో చెల్లదు.

టైర్ల దగ్గర మోసపోయేవాళ్లు ఎక్కువ. గాళ్లు లోతుగా ఉన్నాయి, బాగున్నాయి అనుకుంటారు. రబ్బరు గొలుసుల్లోని జంట బంధాలను ఓజోన్ తెంచుతుంది. దీన్ని అడ్డుకోవడానికి తయారీలో ఒక మైనం కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటే ఆ మైనం లోపలినుంచి పైకి వచ్చి పల్చటి పొరగా పరుచుకుంటుంది. కదలని టైరులో ఆ పొర కొత్తగా రాదు. గాలి తగ్గి పక్క గోడలు ఉబ్బిన చోట రబ్బరు సాగి ఉంటుంది, పగుళ్లు సరిగ్గా అక్కడే మొదలవుతాయి. పక్క గోడ మీద నాలుగు అంకెలు వెతకండి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. పదేళ్ల నాటి టైరుతో హైవే ఎక్కడం ప్రాణాలతో చెలగాటం. బ్రేక్ డ్రమ్ములు విప్పినప్పుడు ధూళిని నోటితో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడి గుడ్డతో తుడవాలి. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే పెయింటు, స్టిక్కర్లు వచ్చే ఏడాదికి వాయిదా వేసి టైర్లూ బ్రేక్ షూలూ ఈ నెలే వేయించాలి. ఈ విషయంలో మొహమాటం లేకుండా పట్టుబడతాను.

ఇవన్నీ అయ్యాక కొత్త ఆయిలు పోసి, ప్లగ్గు విప్పే ఉంచి కిక్ కొడుతూ పోవాలి. కంప్రెషన్ లేకుండా ఇంజను తిరుగుతుంటే ఆయిలు పంపు పైన క్యాంషాఫ్టు దాకా ఆయిలును చేరుస్తుంది. తర్వాత ప్లగ్గు బిగించి, కొత్త పెట్రోలు పోసి, చౌక్ వేసి కొట్టాలి. మొదట తెల్లటి పొగ వస్తుంది. లోపలి తేమ, మనం పోసిన డీజిలు, ఆయిలు కాలుతున్నాయన్నమాట. పది నిమిషాల తర్వాత కూడా రేజ్ చేసినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగుల మీద అనుమానం. స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి బుస్సుమని ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి. నల్లటి పొగ అయితే పెట్రోలు ఎక్కువవుతోంది.

కొత్త రింగులు వేసిన ఇంజనును గంటల తరబడి స్లోలో నిలబెట్టడం మంచిదనుకుంటారు. అది సరికాదు. నిమిషానికి 5000 సార్లు తిరిగేటప్పుడు ఈ పిస్టన్ సగటున గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గోడను రాసుకుంటూ వెళ్తుంది. రింగును గోడకు నొక్కిపట్టేది దాని సొంత బిగువు మాత్రమే కాదు, దాని వెనక చేరే మంట పీడనం కూడా. బరువు లేకుండా ఊరికే తిరిగితే ఆ పీడనం చాలక, ఎగుడుదిగుళ్లు అరగకుండానే గోడ మీద కాలిన ఆయిలు పొర కట్టి గాజులా గట్టిపడుతుంది. అందుకే ఇంజను వేడెక్కాక మామూలు రోడ్డు మీదికి తీసుకెళ్లి, ఒకే వేగంలో కాకుండా పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. మొదటి రోజుల్లో పూర్తి యాక్సిలేటర్ వద్దు, ఇద్దరిని ఎక్కించుకుని ఎత్తులు ఎక్కొద్దు. అయిదువందల కిలోమీటర్లు కాగానే ఆయిలు మళ్లీ దింపాలి. అరిగిన లోహమంతా అందులోనే ఉంటుంది, కంటికి కనిపించేంత మెరుపు ఈ మొదటి విడతలో సహజమే. ఆ రోజే ప్లగ్గు కూడా విప్పి చూడాలి. మొన చుట్టూ ఇటుక పొడి రంగుంటే మిశ్రమం సరిపోయింది. నల్లటి మసి ఉంటే మిక్చర్ స్క్రూ, ఎయిర్ ఫిల్టర్ మళ్లీ చూడాలి. తెల్లగా ఉంటే గాలి ఎక్కువై ఇంజను వేడెక్కుతోంది, కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు వాషరు గాలి లాగుతోందేమో సబ్బునీళ్లు చల్లి చూడాలి. నీళ్లు పడగానే ఇంజను శబ్దం మారితే వాషరు మార్చి, అప్పుడే జెట్టు జోలికి వెళ్లాలి.